స్కాన్‌లో తేడా ఉందన్నారా? ఉంచుకోవడమా, తీయించుకోవడమా తేల్చే ముందు చేయాల్సిన పనులు

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫ్ఫా స్కాన్ అయ్యాక చేతిలో పెట్టిన ఇంగ్లీషు రిపోర్టులో ఒక లైను కింద పెన్నుతో గీత గీసి, "మీ డాక్టరుగారికి ఒకసారి చూపించండమ్మా" అని పంపించేశారంటే, ఆ తర్వాతి పది రోజులు ఏం చేయాలో చెప్పడానికి ఇది రాస్తున్నా. పిల్లలకు ఫిజియోథెరపీ చేయడం నా పని, ఉండేది అనంతపురం. మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ సరిగా కదలని సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, ఒక క్రోమోజోము ఎక్కువుండి ఎదుగుదల నెమ్మదిగా ఉండే డౌన్ సిండ్రోమ్ పిల్లలు, వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టినవాళ్ళు రోజూ నా చేతుల మీదుగా పోతుంటారు కాబట్టి చుట్టాల్లో ఎవరికి స్కాన్ తేడా వచ్చినా ఫోను నాకే వస్తుంది. అడిగే మాట కూడా ఒకటే: "తీయించేద్దామా, ఉంచుకుందామా, నువ్వే చెప్పక్కా." నేను చెప్పను. తీయించుకున్నవాళ్ళు పాపాత్ములూ కారు, ఉంచుకున్నవాళ్ళు దేవతలూ కారు, రెండు రకాలవాళ్ళనూ దగ్గర్నుంచి చూశాను. నాకు కోపం వచ్చేది ఒక్క విషయంలోనే, ఏ జబ్బో సరిగా తెలుసుకోకుండా, ఆ జబ్బున్న ఒక్క మనిషినీ చూడకుండా, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అన్న భయంతో మూడు రోజుల్లో తేల్చేసినప్పుడు.

ముందు ఫోను లోపల పెట్టండి

బయటికి రాగానే చాలామంది చేసే పని రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం. బెంగళూరులో ఉండే తమ్ముడికి, ప్రొద్దుటూరు మేనత్తకు, ఫార్మసీ చదివిన మరిదికి. సాయంత్రానికల్లా ఒకరు "మా ఊర్లో ఒకామెకు ఇట్లే అన్నారు, బంగారంలాంటి కొడుకు పుట్టినాడు" అంటారు, ఇంకొకరు "వద్దే వద్దు, జీవితాంతం మోయాల" అంటారు. ఇద్దరూ రిపోర్టు చదివుండరు. మీరు మాత్రం ఆ రాత్రి నిద్రపోరు. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పదిమందికి చెప్పాక మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఆ పదిమందికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి, బిడ్డను ఉంచుకుంటే ఆ బిడ్డ పుట్టకముందే వాడికి ఊర్లో ఒక పేరు పడిపోతుంది.

మొదటి వారం ముగ్గురికి తెలిస్తే చాలు: మోస్తున్న అమ్మాయికి, భర్తకు, ఆసుపత్రులకు తోడు వచ్చే ఒక గట్టి మనిషికి. ఆ మూడో మనిషి ఏడ్చే రకం కాకూడదు. రిపోర్టు ఫైలు అమ్మాయి చేతిలోనే ఉండాలి. చాలా ఇళ్ళలో అది మామగారి బీరువాలోకి పోయి, ఆయన, కొడుకు, ఊరి ఆర్‌ఎంపీ కలిసి మాట్లాడుకుంటుంటే, కడుపు ఎవరిదో ఆ మనిషి వంటింట్లో ఉంటుంది.

రిపోర్టులో ఉన్నది జబ్బా, అనుమానమా

తేడాలన్నీ ఒకే బరువువి కావు. గుండెలో తెల్ల చుక్క, మెదడులో చిన్న నీటి బుడగ లాంటివి, వేరే ఏమీ లేకుండా అదొక్కటే కనిపిస్తే, దాన్ని సాఫ్ట్ మార్కర్ అంటారు. అది జబ్బు కాదు, ఇంకొంచెం జాగ్రత్తగా చూడమని ఒక గుర్తు, అంతే. మెదడులో బుడగలైతే చాలావరకు ఏడో నెలకల్లా వాటంతటవే కరిగిపోతాయి.

డౌన్ సిండ్రోమ్ లాంటివాటి రిస్కు చెప్పే రక్తపరీక్షల అంకెల దగ్గర ఇంకా గందరగోళం. డబుల్ మార్కర్, క్వాడ్రపుల్ మార్కర్ రిపోర్టులో 1:250 కంటే రిస్కు ఎక్కువుంటే హై రిస్క్ అని ఎర్ర అక్షరాలు పడతాయి, దాంతో ఇంట్లో ఏడుపులు మొదలు. ఆ అంకెను తిప్పి చదవండి. సరిగ్గా 1:250 వచ్చిన 250 మంది తల్లుల్లో 249 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం చూసేది), డబుల్ మార్కర్ కలిపి చేస్తే డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో నూటికి 85 నుంచి 90 మంది దొరుకుతారు, దాంతోపాటు ఏ సమస్యా లేని తల్లుల్లోనూ నూటికి ఐదుగురికి హై రిస్క్ అని వస్తుంది. ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్ష పదో వారం నుంచి చేస్తారు, ఖర్చు పది వేల పైమాటే, చాలా నిక్కచ్చిగా ఉంటుంది, అయినా అదీ జల్లెడే. ఖాయం చేసేది ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష, పదిహేనో వారం దాటాక. సూది పెడితే గర్భం పోతుందని భయపడతారు, అలవాటైన చేతుల్లో ఆ ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ. కాబట్టి జల్లెడ పరీక్ష చూసి తీయించుకునే పని మాత్రం చేయొద్దు, ఖాయం చేసుకోకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

మూడో రకం, స్కాన్‌లో కళ్ళకు కనిపించే తేడా: గుండెలో రంధ్రం, వెన్నెముక, పెదవి, కాళ్ళు. దీనికి గర్భస్థ శిశువులనే చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టరు దగ్గర రెండో స్కాన్ చేయించుకోవాల్సిందే, గుండె అయితే ఫీటల్ ఎకో, అంటే బిడ్డ గుండెను మాత్రమే చూసే స్కాన్. మనవైపు నుంచి అనంతపురంవాళ్ళు బెంగళూరుకు, కడపవాళ్ళు తిరుపతికి, కర్నూలువాళ్ళు హైదరాబాదుకు పోవడం మామూలే. పోయినప్పుడు "బాగుంటాడా డాక్టర్?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. దీని పేరేంటి, తెలుగులో రాసివ్వండి. ఇది ఖాయమా, ఎంత ఖాయం. ఇట్లాంటి బిడ్డల్లో తేలికగా ఉన్నవాళ్ళు ఎట్లా ఉంటారు, బరువుగా ఉన్నవాళ్ళు ఎట్లా ఉంటారు. నొప్పి ఉంటుందా. ఆపరేషన్ ఉందా, ఎన్నేళ్ళకు, ఎక్కడ. మా తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం ఎంత. ఇవి అడగండి. జవాబులు కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఆ గదిలోంచి బయటికొచ్చాక సగం గుర్తుండదు.

వారాల లెక్క

ఇది తొందరగా చెప్పేస్తా, కానీ గోడ మీది క్యాలెండరులో రాసుకోండి. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో మార్చారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని కారణాలకే, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. బిడ్డకు తీవ్రమైన తేడా ఉండటం ఆ కారణాల్లో ఒకటి. 24 దాటితే గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు ఉండే మెడికల్ బోర్డు చూసి, తేడా నిజంగా పెద్దదైతేనే ఒప్పుకుంటుంది, దరఖాస్తు అందిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషికి ఆమె సంతకం ఒక్కటే కావాలి. భర్త సంతకం, అత్తమామల సంతకం చట్టంలో లేదు. ఆసుపత్రులు అడుగుతాయి, అది వాళ్ళ జాగ్రత్త. తీయించుకోమని ఇంట్లో అందరూ ఒక్కటైనా ఆమె వద్దంటే ఆ మాటే చెల్లుతుంది.

2008లో ముంబయి దంపతులు ఇరవై నాలుగో వారంలో బిడ్డ గుండె సమస్యతో హైకోర్టుకు పోతే, అప్పటి హద్దు ఇరవై వారాలే కాబట్టి కోర్టు ఒప్పుకోలేదు. 2022 డిసెంబరుకు వచ్చేసరికి ఢిల్లీ హైకోర్టు, బిడ్డ మెదడులో తేడా ఉన్న ముప్పై మూడు వారాల కేసులో, చివరి మాట తల్లిదేనంది. కాలం అంత మారింది. టిఫ్ఫాను పద్దెనిమిదో వారంలో చేయించుకుంటే ఆలోచించడానికి నాలుగైదు వారాలు మిగులుతాయి, ఇరవై రెండులో చేయించుకుంటే ఊపిరి తీసుకోవడానికి కూడా టైముండదు. ఇంకో మాట, ఈ హడావిడిలో పనిలో పనిగా ఆడా మగా అని అడిగే పెద్దలుంటారు. 1994 చట్టం ప్రకారం అడగడం, చెప్పడం రెండూ నేరమే. "ఆడపిల్ల, పైగా తేడా కూడానా" అన్న మాట నేను నా చెవులతో విన్నాను, కాబట్టి రాస్తున్నా.

ఏ తేడా, ఎంత తేడా

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. తల పైభాగం, మెదడు ఏర్పడకుండా ఉండే అనెన్‌కెఫలీ లాంటివి ఉన్నాయి, ఆ బిడ్డ పుట్టినా గంటల్లోనో రోజుల్లోనో పోతుంది. అక్కడ అడగాల్సింది బిడ్డ బతుకు గురించి కాదు, తల్లి ఇంకో నాలుగు నెలలు మోయగలదా, మోయాలనుకుంటుందా అన్నదే. కొందరు మోస్తారు, పుట్టాక చేతుల్లోకి తీసుకుని సాగనంపుతారు. కొందరు మోయలేరు. ఇద్దరినీ గౌరవించాలి, అంతకుమించి ఎవరూ నోరు చేసుకోకూడదు.

రెండో చివరలో గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదాలున్నాయి. మొర్రికి మొదటి ఏడాదిలోపే ఆపరేషన్ చేస్తారు. పాదాలకు పుట్టిన కొద్ది వారాల్లోనే వారం వారం పిండికట్లు మార్చుకుంటూ, తర్వాత నాలుగేళ్ళ దాకా రాత్రిపూట బూట్లు వేస్తే పిల్లవాడు మామూలుగా పరిగెత్తుతాడు. ఇట్లాంటివాటికి కూడా తీయించుకున్నవాళ్ళున్నారు. నా అభిప్రాయం అడిగితే అది తప్పు, మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. తెలియక చేసుంటే తెలియజెప్పనివాళ్ళది తప్పు. గ్రహణం రోజు బయట తిరిగినందుకు మొర్రి వస్తుందన్నది కూడా ఉత్తదే, ఆ నింద కోడలి మీద వేయొద్దు.

కష్టమంతా మధ్యలో ఉన్నవాటితోనే. డౌన్ సిండ్రోమ్ తీసుకోండి. దాదాపు సగం మందికి గుండెలో సమస్య ఉంటుంది, చాలావాటికి ఆపరేషన్ ఉంది. నడక, మాట ఆలస్యం. చదువు ఎంతవరకు వస్తుందన్నది ఒక్కొక్కరికీ ఒక్కో రకం, కడుపులో ఉండగా ఏ పరీక్షా చెప్పలేదు. నలభై ఏళ్ళ కిందట అమెరికాలో కూడా వీళ్ళు సగటున పాతికేళ్ళే బతికేవాళ్ళు, ఇప్పుడు మంచి వైద్యం ఉన్నచోట అరవై దాకా బతుకుతున్నారు. పిల్లలు మారలేదు. గుండె ఆపరేషన్లు వచ్చాయి, పిల్లలను హాస్టళ్ళలో పడేయడం మానేశారు, అంతే. వెన్నెముక తేడాల్లోనైతే ఒకరు కాళ్ళకు ఊత పట్టీలు (కాలిపర్లు) వేసుకుని స్కూలుకు పోతారు, ఇంకొకరికి కాళ్ళు, మూత్రం రెండూ అదుపులో ఉండవు. ఎన్నో పూస దగ్గర తెరుచుకుందో దాన్ని బట్టి. అందుకే డాక్టరును జబ్బు పేరుతో వదిలిపెట్టొద్దు, మీ బిడ్డకు ఎంతవరకు ఉందో చెప్పేదాకా కూర్చోండి.

భయాన్ని మూడు గడులుగా రాయండి

ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో బిడ్డకు కలిగే కష్టం: నొప్పి, ఆపరేషన్లు, ఊపిరాడకపోవడం. రెండో గడిలో మీకు కలిగే కష్టం: డబ్బు, ఉద్యోగం మానేయడం, పెద్దబిడ్డను చూసుకోలేకపోవడం, మేం పోయాక ఎవరు చూస్తారన్న దిగులు. మూడో గడిలో జనం ఏమనుకుంటారు అన్నవన్నీ. మొగుడూ పెళ్ళాం విడివిడిగా రాయాలి, ఒకరిది ఒకరు చూసుకోకుండా. రాసినవాళ్ళు ఎప్పుడూ చెప్పేది ఒకటే, మూడో గడి నిండిపోయిందని.

మొదటి రెండు గడుల్లో ఉన్నవి నిజమైన కారణాలు, వాటి మీద వచ్చిన నిర్ణయం ఎటు పోయినా నిలబడుతుంది. మూడో గడిని కొట్టేయండి. కొట్టేశాక మిగిలినవి చూసి మాట్లాడుకోండి.

ధర్మవరం దగ్గర ఒకింట్లో ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. మేనరికం, మేనత్తే అత్త. డౌన్ సిండ్రోమ్ అని ఖాయమైంది. అత్త అంది, "నలుగుర్లో తలెత్తుకోలేం మే. రేపు చిన్నోనికి పిల్లనెవరిస్తారు?" అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "అత్తా, నీ రవికలు ఎవరు కుడతారు?" వాళ్ళ వీధిలో చెవుడు, మూగ ఉన్న టైలరు ఉన్నాడు, ఇరవై ఏళ్ళుగా ఆ వీధి ఆడవాళ్ళ కొలతలన్నీ ఆయన నోటుపుస్తకంలోనే ఉన్నాయి. "ఆయప్పది వేరే" అంది అత్త. "వేరే ఎట్లా?" ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు, కానీ ఆ పూట తర్వాత చిన్నోని పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ అమ్మాయి చివరికి ఏ నిర్ణయం తీసుకుందో ఇక్కడ రాయను, రాస్తే చదివేవాళ్ళు దాన్నే పట్టుకుంటారు.

ఇంకో గీటురాయి చెప్తా. మీ కారణాన్ని అదే తేడా ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని, ఆయన కళ్ళలోకి చూసి చెప్పగలరా? "మా ఇద్దరివీ కూలి పనులు, ఒకరు ఇంట్లో ఉంటే పూట గడవదు, గుండె ఆపరేషన్ అయ్యేదాకా నెట్టుకురాలేం" అని చెప్పగలరు, ఆయన నొచ్చుకున్నా అర్థం చేసుకుంటాడు. "నీలాంటివాడు పుట్టడం కంటే పుట్టకపోవడమే నయం" అని చెప్పగలరా? చెప్పలేకపోతే, లోపల ఉన్న కారణం అదే అయితే, ఇంకా ఆలోచించాల్సింది మిగిలే ఉందన్నమాట.

దీని గురించి ప్రపంచంలో పెద్ద వాదమే ఉంది. ఏడ్రియన్ ఆష్ అని అమెరికాలో చూపులేని పండితురాలు ఉండేది, 2013లో పోయింది. గర్భం తీయించుకునే హక్కు ఆడవాళ్ళకు ఉండాల్సిందేనని వాదించిన మనిషే, అయినా ఈ పరీక్షల మీద ఆమెకు గట్టి అభ్యంతరం ఉండేది: ఒక్క లక్షణం తెలియగానే మిగతా బిడ్డంతా కళ్ళముందు నుంచి మాయమైపోతుందని. ఇటువైపు జూలియన్ సావులెస్కు అనే తత్వవేత్త 2001లో, పుట్టగల బిడ్డల్లో ఎవరి బతుకు బాగుంటుందనిపిస్తే వాళ్ళనే ఎంచుకోవడం తల్లిదండ్రుల ధర్మమన్నాడు. ఆయన ప్రధానంగా మాట్లాడింది ఐవీఎఫ్ పిండాల గురించి, ఐదో నెల కడుపు గురించి కాదు, మనవాళ్ళు ఆ తేడా మర్చిపోతారు. నాకు ఆష్ మాటే దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే ఎవరి బతుకు బాగుంటుందో రిపోర్టు చూసి చెప్పడం అంత తేలిక కాదు. 1999లో ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ అనే ఇద్దరు పరిశోధకులు తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్ళనే మీ బతుకు ఎట్లా ఉందని అడిగితే, సగానికి పైగా బాగుందని, చాలా బాగుందని చెప్పారు. చూసేవాళ్ళు అనుకున్నదానికి అది పూర్తిగా తిరగబడింది. అట్లాగని ఆష్ పేరు చెప్పి ఒక తల్లి మెడలు వంచి కనమనే హక్కు నాకు లేదు. ఐస్‌లాండ్‌లో పరీక్షలో డౌన్ సిండ్రోమ్ అని తేలినవాళ్ళు దాదాపు అందరూ తీయించుకుంటారు, ఎవరూ బలవంతపెట్టరు. అందరూ ఒకే వైపు పోతున్నారంటే రెండో దారి ఎవరూ సరిగా చూపించడం లేదేమోనని నా అనుమానం.

పోయి చూడండి

ఖాయమైన తేడా ఏదో తెలిశాక, నిర్ణయానికి ముందు, ఆ తేడా ఉన్న పిల్లలను కనీసం ఒక్కసారి చూడండి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కోసం ఏర్పాటు చేసిన డీఈఐసీ కేంద్రాలకు, అంటే 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలను చూసే చోటుకు పోవచ్చు. మండలాల్లో స్కూళ్ళను ఆనుకుని వికలాంగ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అనంతపురం వైపు ఆర్డీటీ సంస్థ ఎన్నో ఏళ్ళుగా వికలాంగ పిల్లల కోసం స్కూళ్ళు నడుపుతోంది.

చూడ్డానికి పోయి పిల్లలను జూలో చూసినట్టు చూడొద్దు. మూలన చాప మీద కూర్చుని ఒక గంట గమనించండి. చెక్క పలకలో రంగు గూటాలు దూర్చే పిల్లవాడిని చూడండి, ఒక గూటం ఎర్రది దూర్చడానికి వాడికి ఐదు నిమిషాలు పడుతుంది, దూర్చాక అటూ ఇటూ చూసి తనకు తానే చప్పట్లు కొట్టుకుంటాడు, ఆ వెంటనే పక్కపిల్లది లాక్కుంటాడు, దెబ్బలాట. మధ్యాహ్నం రెండింటికి ఎనిమిదేళ్ళ బిడ్డను చంకనేసుకుని బస్సు మెట్లెక్కే తల్లిని కూడా చూడండి, ఆమె నడుముకు కట్టుకున్న బెల్టును చూడండి. రెండూ నిజమే, ఒకటి చూసి ఇంకొకటి వదిలేస్తే మీరు చూడనట్టే.

తల్లులతో మాట్లాడేటప్పుడు "ఎట్లా భరిస్తున్నారమ్మా?" అనొద్దు. నెలకు ఖర్చెంత, రాత్రి నిద్ర ఉంటుందా, మీ ఆయన ఏం చేస్తాడు, తొలి ఏడాది ఏది కష్టమైంది, పెద్దపిల్లకు ఏం చెప్పారు, ఇవి అడగండి. చాలామంది సంతోషంగా చెప్తారు, వాళ్ళను పనికొచ్చే ప్రశ్న అడిగేవాళ్ళే దొరకరు.

డబ్బు, మనుషులు

వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆ పైన ఉంటే పెన్షన్ వస్తుంది. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు 6,000, మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000. సదరం స్లాటుకు సచివాలయంలోనో మీసేవలోనో తిరగాలి, ఓపిక కావాలి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకు నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా ఇస్తుంది, దాంట్లో థెరపీ ఖర్చులు కూడా వస్తాయి. "మేం పోయాక ఎవరు?" అన్నదానికి, ఇవే జబ్బులున్నవాళ్ళకు కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా గార్డియన్‌ను చట్టప్రకారం పెట్టుకునే వీలుంది.

ఈ లెక్కలన్నీ వేశాక అసలు లెక్క ఇది: బిడ్డ పనులకు పోయే రోజుకు నాలుగు గంటలు ఎవరివి? మన ఇళ్ళలో ఆ నాలుగు గంటలూ తల్లివే. భర్త "నేనున్నా కదా" అంటాడు, ఎన్ని గంటలకు ఉంటాడో కాగితం మీద రాయించుకోండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, ఆ కాగితం చూశాకే నిర్ణయం మార్చుకున్న జంటలు నాకు తెలుసు, రెండు వైపులా.

పెద్దవాళ్ళతో

పెద్దవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి. ఇద్దరూ కలిసి, ఒకేసారి, కొడుకే నోరు తెరిచి చెప్పాలి. కోడలి నోటివెంట వస్తే తప్పు ఆమెదైపోతుంది. "మేం డాక్టరు దగ్గర తెలుసుకున్నాం, మేం ఆలోచించుకున్నాం, ఇదీ మా నిర్ణయం" అని చెప్పండి, సలహా అడుగుతున్నట్టు చెప్పొద్దు. మేనరికమైతే రెండు వైపులా నిందలు మొదలవుతాయి. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిలో, ఒకే దాగిన జన్యువు తాతముత్తాతల నుంచి ఇద్దరికీ వచ్చుంటే, ప్రతి కాన్పులోనూ నూటికి పాతిక వంతులు ఆ జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తేనే వస్తుంది కాబట్టి ఒక్కరిది తప్పన్నది ఎక్కడా ఉండదు. డౌన్ సిండ్రోమ్‌కైతే మేనరికంతో చాలావరకు సంబంధమే లేదు, అది తల్లి వయసుతో పెరుగుతుంది, పాతికేళ్ళ తల్లికి కూడా రావచ్చు. పూర్వజన్మ పాపం అనేవాళ్ళుంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు, కాఫీ ఇచ్చి పంపించేయండి.

కనాలనుకునేది వికలాంగురాలైతే

దీన్ని ఎవరూ అడగరు, నేనే రాస్తున్నా. పోలియో ఉన్న అమ్మాయి, చెవుడున్న అమ్మాయి కడుపుతో ఉంటే "నీకెందుకమ్మా ఈ యాతన" అని సొంత తల్లే ఆసుపత్రికి తీసుకుపోయిన సంగతులు మనవైపు కొత్త కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, వికలాంగురాలి గర్భాన్ని ఆమె స్పష్టంగా ఒప్పుకోకుండా తీసేస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. మరీ తీవ్రమైన పరిస్థితిలో డాక్టరు అభిప్రాయంతో, గార్డియన్ ఒప్పుదలతో చేసిందే మినహాయింపు. 2009లో సుప్రీంకోర్టు బుద్ధిమాంద్యం ఉన్న అమ్మాయి విషయంలోనూ, ఆమె బిడ్డ కావాలంటోంది కాబట్టి తీయకూడదంది. తనలాగే చెవుడున్న బిడ్డ పుడితే వాళ్ళమ్మకు దుఃఖం ఉండాలని కూడా లేదు. 2002లో అమెరికాలో చెవుడున్న ఒక జంట ఏకంగా చెవిటి వీర్యదాతనే ఎంచుకున్నారు, దేశమంతా తిట్టిపోసింది. నేనైతే అంతదూరం పోను, కానీ వాళ్ళ సైగల ప్రపంచంలో లోటు ఉందని బయటివాళ్ళం తేల్చేయడానికి తొందరపడుతున్నామన్నది మాత్రం ఒప్పుకుంటా.

నిర్ణయం అయ్యాక

తీయించుకుంటే, ఐదో నెలలో అది కాన్పులాగే జరుగుతుందని ముందే తెలుసుకోండి. నొప్పులు తెప్పిస్తారు, గంటలు పడుతుంది, తర్వాత రెండు మూడు రోజులకు పాలు పడొచ్చు. ఈ పాల సంగతి ఎవరూ చెప్పరు, ఆ రోజు అమ్మాయి ఒంటరిగా బాత్రూములో ఏడుస్తుంది. బిడ్డను చూస్తారా అని డాక్టరు అడిగితే చూడాలో వద్దో ఆమెనే తేల్చుకోనివ్వండి. "పోయిందిలే, పీడ విరగడైంది" అనేవాళ్ళను ఆ నెల ఇంటికి రానివ్వొద్దు. బిడ్డ కణజాలం నుంచి జన్యుపరీక్షకు పంపమని ముందే అడగండి, తర్వాత అడిగితే దొరకదు.

ఉంచుకుంటే, పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటే కాన్పు పెట్టుకోండి, ఊర్లో వద్దు. వెన్నెముక తేడా అయితే పుట్టిన రోజుల్లోనే ఆపరేషన్ కావాలి కాబట్టి సర్జన్‌ను ముందే కలవండి. డౌన్ అయితే పుట్టగానే గుండెకు ఎకో, తర్వాత థైరాయిడ్, వినికిడి పరీక్షలు. కాన్పయ్యాక చుట్టాలకు చెప్పే మాట ముందే అనుకోండి: "పాప పుట్టింది, మూడు కిలోలుంది, డౌన్ సిండ్రోమ్ ఉంది, పేరు ఇదీ." అంతే. సానుభూతి ఫోన్లు తగ్గుతాయి. థెరపీ నెలల పిల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి, రెండేళ్ళు చూద్దాం అని ఆగిపోవద్దు, నా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళంతా ఎవరో ఆగమన్నారని ఆగినవాళ్ళే.

ఎటు తేల్చుకున్నా, రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి. వెన్నెముక తేడా వచ్చినవాళ్ళు మళ్ళీ కాన్పుకు అనుకున్నప్పుడు గర్భం రాకముందు నుంచే డాక్టరు చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్ ఐదు మిల్లీగ్రాములది వేసుకోవాలి, మామూలువాళ్ళు 400 మైక్రోగ్రాములది. జన్యుపరమైనదని తేలితే ఆ ఫైలును చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు చూపించండి, ముఖ్యంగా మేనరికం మాటలు నడుస్తున్న ఇంట్లో. తాంబూలాలు మార్చుకున్నాక రక్తపరీక్ష అంటే మనవైపు ఎవరూ వినరు, కాబట్టి ఆ మాట అంతకుముందే, మాటలు నడుస్తున్నప్పుడే ఎత్తాలి.